మామ్మ పుస్తకంతో బెడ్‌ఫర్డ్ దాకా

ఇంగ్లండ్‌లో బెడ్‌ఫర్డ్ పక్కనున్న ఎల్‌స్టో ఊళ్ళో చర్చి ఒకచోట ఉంటుంది, గంటల గోపురం ఇంకోచోట. రెండింటి మధ్య పచ్చిక. అమ్మాయి కారు ఆపగానే నేను చర్చి వైపు కాకుండా గోపురం వైపే నడిచాను. దాదాపు 370 ఏళ్ళ కిందట ఒక కుర్రాడు ఇక్కడికే వచ్చి నిలబడేవాడు. గంటలు మోగించడమంటే అతనికి ప్రాణం. అది వ్యర్థమైన సరదా అని మనసు పొడుస్తుంటే మోగించడం మానేశాడు గానీ, చూడటం మానలేకపోయాడు. ఒకరోజు గంట ఊడి మీద పడితే ఎలా అనిపించి దూలం కిందికి జరిగాడు. గోడకు తగిలి తిరిగి తన మీదికే వస్తే? అని గుమ్మంలోకి వచ్చాడు. మొత్తం గోపురమే కూలితే? ఇక నిలవలేక అక్కడి నుంచి పారిపోయాడు.

నేను ఆ గుమ్మం ముందు నిలబడి తలెత్తి చూశాను. రాయి నల్లబడి ఉంది. ఆ భయం నాకు తెలుసు. చిన్నప్పుడు ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి చెరువుకు వెళ్ళిన రోజున ఉరిమితే, అచ్చం అలాగే వణికాను.

ఆ కుర్రాడు జాన్ బన్యన్. ఈ సంగతి తనే రాసుకున్నాడు, 1666లో జైల్లో ఉండగా అచ్చయిన ఆత్మకథలో. ప్రధాన పాపికి కృప ఎలా పొంగిపొర్లిందో చెప్పే పుస్తకం అది. మా ఇళ్ళలో అతన్ని ఎరిగింది మాత్రం ఇంకో పుస్తకంతో: యాత్రికుని ప్రయాణము. పాపాల మూట మోసుకుంటూ ఒక యాత్రికుడు పరలోకానికి నడిచే కథ అది. నర్సాపురం దగ్గర మా పల్లెలో రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక మామ్మ లాంతరు దగ్గరికి జరుపుకుని అందులో రెండు పుటలు చదివేది. వీపు మీద మూటతో పరుగెత్తే మనిషి మాకు పక్కింటి మనిషిలాగే ఉండేవాడు. ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గర ఉంది. అట్ట ఊడిపోయింది, మొదటి పుట మీద తాతయ్య పేరు సిరాతో రాసి ఉంది. అమ్మాయి వాళ్ళు లూటన్‌లో ఉంటారు. అక్కడికి వచ్చేటప్పుడు దాన్ని పాత చీర ముక్కలో చుట్టి తెచ్చుకున్నాను. లూటన్ నుంచి బెడ్‌ఫర్డ్ ముప్పై కిలోమీటర్లే అని తెలిశాక ఇక ఆగలేకపోయాను.

బన్యన్ పుట్టింది 1628లో, ఈ ఎల్‌స్టో శివార్లలోనే. నవంబరు 30న ఈ చర్చిలోనే బాప్తిస్మం ఇచ్చారు. వాళ్ళ నాన్న ఊరూరా తిరిగి రాగి, ఇత్తడి గిన్నెలకు మాట్లు వేసేవాడు. కొడుకూ అదే పని నేర్చుకున్నాడు. చర్చి చాలా పాతది. 1078లో జూడిత్ అనే రాజబంధువు స్థాపించిన సన్యాసినుల మఠంలో మిగిలిన భాగం అది. పడమటి పెద్ద తలుపులో ఒక చిన్న తలుపు ఉంటుంది, తల వంచితే గాని లోపలికి పోలేం. యాత్రికుడు తట్టిన ఇరుకు ద్వారం ఇదేనని ఊళ్ళోవాళ్ళు చెప్పుకుంటారు. నేనూ వంగి లోపలికి వెళ్ళాను. మోకాళ్ళ నొప్పితో అలా వంగడం కష్టమే. అయినా రెండుసార్లు వెళ్ళాను.

చర్చి వెనక పెద్ద పచ్చిక బయలు, దాని అంచున మూట్ హాల్ అనే పాత కొయ్య కట్టడం. ఈ బయల్లోనే బన్యన్ ఒక ఆదివారం టిప్‌క్యాట్ ఆడుతున్నాడు. మన బిళ్ళంగోడు లాంటిదే. బిళ్ళను ఒక దెబ్బ కొట్టి, రెండో దెబ్బ కొట్టబోతుండగా మనసులోకి ఒక స్వరం దూసుకొచ్చింది: నీ పాపాలు వదిలి పరలోకానికి వస్తావా, పాపాలు ఉంచుకుని నరకానికి పోతావా? అతను కర్రను నేల మీదే వదిలేసి పైకి చూశాడు. ఇక్కడ చాలామంది బోధకులు కథ ఆపేస్తారు, అప్పుడే మారిపోయినట్టు. కానీ అతను మారలేదు. ఎలాగూ చెడిపోయాను కదా అనుకుని మళ్ళీ కర్ర తీసుకుని ఆడాడు. తన గురించి అంత నిజం రాసుకున్నాడు కాబట్టే నాకు అతని మాట మీద గురి.

మార్పు తెచ్చింది ఆడవాళ్ళు. ముందు అతని మొదటి భార్య. ఆమె పేరు చరిత్రలో మిగల్లేదు. పెళ్ళినాటికి ఇద్దరికీ కలిపి ఒక గిన్నె, ఒక చెంచా కూడా లేవట. ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి రెండు భక్తి పుస్తకాలు మాత్రమే. తర్వాత బెడ్‌ఫర్డ్‌లో ముగ్గురో నలుగురో బీద స్త్రీలు. ఎండ పొడలో గుమ్మం దగ్గర కూర్చుని దేవుడు తమ హృదయాల్లో చేసిన పని గురించి మాట్లాడుకుంటున్నారు. ఇతను పని మీద వచ్చి చెవి ఒగ్గాడు. సంతోషమే తమ చేత మాట్లాడించినట్టు మాట్లాడారు వాళ్ళు అని రాశాడు. మతం గురించి గడగడా మాట్లాడగలిగిన తనకు అందులో ఒక్క ముక్కా అనుభవంలో లేదని ఆ వేళ తెలిసింది. వాళ్ళు జాన్ గిఫర్డ్ అనే పాస్టరు సంఘానికి చెందినవాళ్ళు. 1650ల మధ్యలో బన్యన్ ఆ సంఘంలో చేరి, కొద్దికాలానికే బోధించడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం బెడ్‌ఫర్డ్ చేరాం. సిల్వర్ వీధి, హై వీధి కలిసే మూల దగ్గర జనం సంచులు పట్టుకుని పోతున్నారు. జిల్లా జైలు ఉండిన చోటు అది, ఇప్పుడొక ఫలకం మాత్రమే ఉంది. 1660 నవంబరు 12న లోయర్ సామ్‌సెల్ అనే పల్లెలో ఒక ఇంట్లో వాక్యం చెప్పబోతుంటే అతన్ని పట్టుకున్నారు. దేశంలో రాజరికం తిరిగొచ్చిన సంవత్సరం అది. అనుమతి లేని బోధకుల మీద పాత చట్టాలన్నీ దుమ్ము దులిపి బయటికి తీస్తున్నారు. వారంటు వస్తుందని ముందే తెలుసు, తప్పించుకోమని స్నేహితులు చెప్పారు కూడా. నేను పారిపోతే కొత్తగా నమ్మినవాళ్ళు ఏమైపోతారు అని ఉండిపోయాడు. బోధించనని ఒక్క మాట ఇస్తే వదిలేస్తామన్నారు. ఈరోజు వదిలితే దేవుని సహాయంతో రేపే మళ్ళీ సువార్త చెబుతానన్నాడు. మూడు నెలలకని వేసిన శిక్ష 12 ఏళ్ళయింది.

ఇంతవరకూ నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన కథే. మామ్మ చెప్పేది. అక్కడి నుంచి నది వైపు నడిచాం, ఔజ్ నది వంతెన పక్కనున్న స్వాన్ హోటల్ దగ్గరికి. ఇప్పటి కట్టడం 1790ల నాటిది. ఆంప్‌ట్‌హిల్ కొండ మీద పాడుబడిన హౌటన్ హౌస్ మెట్ల వరుసను ఊడదీసి తెచ్చి దీని లోపల బిగించారు. యాత్రికుడు బస చేసిన సుందర భవనానికి హౌటన్ హౌసే మూలమని ఆ ప్రాంతంలో నమ్మకం. కానీ నేను వచ్చింది మెట్ల కోసం కాదు. దీనికి ముందున్న పాత సత్రంలో, 1661 ఆగస్టులో, బన్యన్ రెండో భార్య ఎలిజబెత్ న్యాయమూర్తుల ముందు నిలబడింది.

ఆ సంభాషణ బన్యన్ రాసిపెట్టాడు. అది 1765 దాకా అచ్చు కాలేదు. హోటల్ ఎదుట బల్ల మీద కూర్చుని అమ్మాయి ఫోన్‌లో ఆంగ్లం చదువుతుంటే, నేను నాలో నేను తెలుగులో వింటున్నాను.

నలుగురు చిన్నపిల్లలున్నారు, ఒకరికి చూపు లేదు, మంచివాళ్ళు పెట్టింది తిని బతుకుతున్నాం అంది ఆమె. ఇంత చిన్నదానివి, నీకు నలుగురు పిల్లలా అని అడిగాడు జడ్జి మాథ్యూ హేల్.

“సవతి తల్లినండి అయ్యగారూ. పెళ్ళయి ఇంకా రెండేళ్ళు నిండలేదు. ఆయన్ని పట్టుకెళ్ళినప్పుడు నేను కడుపుతో ఉన్నాను. ఆ కబురు విని అదిరిపోయాను, నొప్పులు మొదలయ్యాయి. ఎనిమిది రోజులు పడ్డాను. బిడ్డ పోయింది.”

అయ్యో పాపం అన్నాడు హేల్. పక్కనున్న ఇంకో జడ్జి ట్విస్డన్ మాత్రం, బీదరికాన్ని అడ్డం పెట్టుకుంటోంది అన్నాడు. నీ మొగుడు బోధించడం మానతాడా అని అడిగాడు. మాట్లాడగలిగినంత కాలం ఆయన మానరండి అంది. అతని వృత్తి ఏమిటని హేల్ అడిగితే, మాట్లు వేసేవాడని అక్కడున్నవాళ్ళు చెప్పారు. అప్పుడామె అన్న మాట దగ్గర అమ్మాయి చదవడం ఆపి నా వైపు చూసింది: “అవును. మాట్లు వేసేవాడు, బీదవాడు కాబట్టే చులకనైపోయారు. అందుకే ఆయనకు న్యాయం దొరకలేదు.”

ఏడుస్తూ బయటికి వచ్చింది. వాళ్ళు కఠినంగా మాట్లాడినందుకు కాదు, ప్రభువు వచ్చిన రోజున వీళ్ళు ఏం లెక్క చెప్పుకుంటారో అని తలచుకుని ఏడ్చానంది. ఆమెది అప్పటికి ఇంకా చిన్న వయసే.

నాకు మామ్మ గుర్తొచ్చింది. తాతయ్య సువార్తికుడు. సంచి భుజానేసుకుని వెళితే పది రోజులకో, పదిహేను రోజులకో తిరిగొచ్చేవాడు. ఆయన గురించి సంఘంలో ఇప్పటికీ సాక్ష్యాలు చెబుతారు. రెండు గేదెల పాలు అమ్మి ఐదుగురు పిల్లల్ని పెంచిన మామ్మ గురించి ఎవరూ చెప్పరు. ఎలిజబెత్ సంగతి మామ్మ మాకెప్పుడూ చెప్పలేదు. ఆమెకు తెలిసి ఉంటే ఎన్నిసార్లు చెప్పి ఉండేదో!

మిల్ వీధిలోని బన్యన్ మీటింగ్ చర్చి, 1672లో విడుదలయ్యాక సంఘం కొనుక్కున్న తోట స్థలంలోనే ఉంది. మొదట అక్కడున్నది ఒక ధాన్యపు కొట్టం. ముందు తలుపులు కంచువి, యాత్రికుని కథలోని ఘట్టాలు పది పలకల మీద పోతపోశారు. పక్కనే మ్యూజియం. ఇనుముతో చేసిన వయొలిన్, అతని పేరు చెక్కిన దాగలి, అంటే గిన్నెలు పెట్టి కొట్టే ఇనుప దిమ్మ, చూశాం. ఊరూరా వీపున మోసుకు తిరిగిన ఆ దాగలి బరువు దాదాపు 27 కిలోలు. వీపు మీద మూట అనే ఊహ ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పాలా! జైలు నుంచి తెచ్చిన తలుపు కూడా ఉంది. ఇవన్నీ బాగున్నాయి. నేను మాత్రం ఒక మట్టి కూజా ముందు ఆగిపోయాను.

గుడ్డిపిల్ల మేరీ రోజూ సాయంత్రం నాన్నకు సూపు పట్టుకెళ్ళిన కూజా అదని చెబుతారు. 1650లో బాప్తిస్మం పొందింది మేరీ. తండ్రి జైలుకు వెళ్ళేనాటికి పదేళ్ళు. వీధి మలుపులు కాళ్ళతోనే గుర్తుపెట్టుకుని, కూజా ఒలకకుండా నడిచి ఉంటుంది. అక్కడ పని చేసే పెద్దావిడ నా పక్కకు వచ్చి, “చాలామంది ఇక్కడే నిలబడిపోతారండీ” అంది. నేను మామ్మ పుస్తకం బయటికి తీసి చూపించాను. ఆవిడకు లిపి తెలియకపోయినా పుటలు నెమ్మదిగా తిప్పి, రెండు చేతులతో తిరిగి ఇచ్చింది.

భార్యాపిల్లల్ని విడిచి ఉండటం ఎముకల మీంచి మాంసం లాగినట్టుండేదని బన్యన్ రాశాడు. అందరికంటే తన గుండెకు దగ్గరగా ఉన్నది గుడ్డి బిడ్డేనని, నువ్వు దెబ్బలు తినాలేమో, అడుక్కోవాలేమో, గాలి నీ మీద వీచినా ఓర్చుకోలేను కదా తల్లీ అని. నా ఇంటి కప్పును నా భార్యాపిల్లల నెత్తినే కూల్చుకుంటున్నాను అనుకున్నాడు, అయినా చేయక తప్పదు అనుకున్నాడు. వాళ్ళ కోసం జైల్లో లేసులకు చివర రేకు మొనలు బిగించి అమ్మేవాడు, వందల గ్రోసులు. మేరీ తండ్రి కంటే ముందే పోయింది. ఆ పుటలు చదివాక, అతను తప్పు చేశాడని అనలేను. ఆ ఇల్లు మోసిన దాన్ని అతని ఖాతాలో మాత్రమే వేయడానికీ నాకు మనసొప్పదు.

అరవై దాకా పుస్తకాలు రాశాడు. పెద్ద చదువు లేదు. కావాల్సిందల్లా బైబిలు నుంచి, బజారు మాటల నుంచి తీసుకున్నాడు. “నా కృప నీకు చాలును” అన్న వాక్యంలో మొదట్లో ‘నీకు’ అన్న మాటే తనకు అందలేదని, ఒకరోజు ఒక కూటంలో ఆ వాక్యం మొత్తంగా మూడుసార్లు గుండెను తాకిందని రాశాడు. ఒక్క మాట కోసం అంతగా వేగిపోయినవాడు అతను. యాత్రికుని ప్రయాణము వచ్చిన 1678లోనే, “నాయొద్దకు వచ్చువానిని నేనెంత మాత్రమును బయటికి త్రోసివేయను” అన్న యోహాను సువార్త వచనం మీద ఒక ప్రసంగాన్ని పుస్తకంగా తెచ్చాడు. అందులో ఒక చోటు నాకు కంఠతా వచ్చు. నేను ఘోర పాపినంటావా? ఎంత మాత్రమును త్రోసివేయను అంటాడు క్రీస్తు. ముసలి పాపినంటావా? ఎంత మాత్రమును త్రోసివేయను. రాతిగుండె పాపినంటావా? మళ్ళీ అదే జవాబు. తప్పిపోయి తిరిగొచ్చినవాణ్ణంటావా? అదే జవాబు. గుమ్మం ముందు తడబడుతున్న మనిషిని చెయ్యి పట్టుకుని లోపలికి లాగినట్టుంటుంది. ఈ వచనం మా ఇంట్లో తలుపు మీద సుద్దతో రాసి ఉండేది. వాన తడికి చెరిగినప్పుడల్లా మామ్మే మళ్ళీ రాసేది.

మర్నాడు రైల్లో లండన్ వెళ్ళాం. 1688 ఆగస్టులో బన్యన్ రెడింగ్ వెళ్ళి, తగవు పడ్డ తండ్రీకొడుకుల్ని కలిపి, జోరువానలో గుర్రం మీద లండన్ వచ్చి జ్వరాన పడ్డాడు. 31న స్నో హిల్‌లో, జాన్ స్ట్రడ్‌విక్ అనే సరుకుల వర్తకుడి ఇంట్లో కన్ను మూశాడు. సమాధి బన్‌హిల్ ఫీల్డ్స్‌లో ఉంది. చుట్టూ ఎత్తయిన ఆఫీసు కట్టడాలు, మధ్యలో పాత చెట్లు, పాచి పట్టిన రాళ్ళు. సమాధి మీద పడుకున్న బన్యన్ విగ్రహం. కింద ఒక పక్క చెక్కడంలో మూట మోస్తూ వంగిపోయిన యాత్రికుడు, రెండో పక్క సిలువ దగ్గర ఆ మూట జారుతున్న యాత్రికుడు. రాతి మీద అతని పేరుంది, పుస్తకం పేరుంది. ఎలిజబెత్ పేరు లేదు. అతని తర్వాత మూడు నాలుగేళ్ళకే ఆమె కూడా పోయింది.

ఎదురుగా బెంచీ మీద కూర్చుని, మూట దొర్లి సమాధిలో పడిపోయే పుట తీసి పైకి చదివాను. పక్క బెంచీల మీద మధ్యాహ్నం తిండి తింటున్న ఉద్యోగులు ఒకసారి చూసి మళ్ళీ తమ డబ్బాల్లోకి తిరిగారు. చదవడం అయ్యాక పుస్తకం మొదటి పుట తెరిచాను. తాతయ్య పేరు సిరా గోధుమ రంగుకు తిరిగింది. అమ్మాయి ఏమీ అడగలేదు, సంచిలోంచి పెన్ను తీసి ఇచ్చింది. తాతయ్య పేరు కింద మామ్మ పేరు ఇంటిపేరుతో సహా రాశాను. నా అక్షరాలు కొంచెం వంకరగానే వచ్చాయి. సిరా ఆరేదాకా పుట మూయకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాం.