లోపల కుళ్ళిన చెట్టు కొట్టేయాలా, వద్దా?

మొన్న వాన వెలిశాక సిటీ మధ్యలో ఉన్న అడవిలో నడుస్తుంటే, దారి పక్కనే పెద్ద చెట్టు మొదట్లో అరచేతి వెడల్పు పుట్టగొడుగొకటి అలమారా పలకలా బయటికి పొడుచుకొచ్చి కనిపించింది. పైన ఆకులు పచ్చగానే ఉన్నాయి, కానీ మొదట్లో అలాంటిది మొలిచిందంటే చాలాసార్లు లోపల కుళ్ళు పట్టినట్టే, చెక్క సుత్తితో తడితే డొల్ల శబ్దం వస్తుంది. అలాగని వెంటనే నరికేయమని నేననను. చెట్టు ఎంత పాడైందన్నది సగం ప్రశ్నే, పడితే ఎవరి మీద పడుతుందన్నది మిగతా సగం. దారికి దూరంగా ఉంటే వదిలేయొచ్చు, కొన్ని రకాల గుడ్లగూబలు అలాంటి చెట్ల తొర్రల్లో బతుకుతాయి. దగ్గరగా ఉంటే కొమ్మలు కొట్టేసి మోడు ఉంచినా చాలు.

ఇలాంటి అడవిలో నడిచే జనానికి అసలు భయం చీకటంటే. లైట్లు పెట్టమంటారు, కానీ రాత్రంతా వెలుగుంటే గబ్బిలాలు, పురుగులు దెబ్బతింటాయి. మలుపుల దగ్గర పొదల్ని మోకాలి ఎత్తుకి కత్తిరించి, ఎదురొచ్చేవాళ్ళు దూరం నుంచే కనిపించేలా చేస్తే సగం టెన్షన్ పోతుంది.

ఇక అడ్డదారులు... చుట్టూ తిరగడానికి బద్ధకించి వాలు మీద నేరుగా దిగుతారు (నేనూ దిగాను, ఒప్పుకుంటున్నా), గడ్డి చచ్చి, వాన నీళ్ళు ఆ గాడిలోనే పారి, కొన్నాళ్ళకి అదే చిన్న వాగవుతుంది. బోర్డు పెడితే చదివేదెవరు? పడిన కొమ్మల్ని అడ్డంగా వేస్తే ఆగుతారు. అసలు దారి మీద ఏటవాలుగా ఒక దుంగ పాతితే నీళ్ళు పక్కకి పోతాయి, కాకపోతే దాని వెనక పేరుకునే మట్టిని ఎప్పటికప్పుడు ఎత్తిపోసే మనిషి కావాలి.