ఏ సర్వర్ నుంచి వచ్చిన నియమం?

గురువారం, రాత్రి. బెంగళూరు.

ఈ రోజంతా ఒకే సమస్య మీద గడిచింది. పెన్‌డ్రైవ్‌లు పనిచేయకూడదని, పది నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే తెర దానంతట అదే లాక్ కావాలని సోమవారం గ్రూప్ పాలసీలో, అంటే కార్యాలయంలోని కంప్యూటర్లన్నింటికీ ఒకేచోటి నుంచి నియమాలు పెట్టే ఏర్పాటులో, మార్పు చేశాం. వైట్‌ఫీల్డ్‌లోని మా కార్యాలయంలో పాత అంతస్తులన్నింటిలోనూ అది సక్రమంగా అమలైంది. కొత్తగా తీసుకున్న నాలుగో అంతస్తులో మాత్రం పక్కపక్కనే ఉన్న రెండు కంప్యూటర్లలో ఒకటి కొత్త నియమాన్ని, మరొకటి పాత నియమాన్ని పాటిస్తున్నాయి. అకౌంట్స్‌లో పనిచేసే మదనపల్లె ఆవిడ, "తమ్ముడూ, నిన్న పెన్‌డ్రైవ్ పెడితే వద్దంది, ఈ రోజు తీసుకుంటోంది. ఇంతకీ పెట్టొచ్చా, పెట్టకూడదా?" అని అడిగారు. ఆమె అడిగింది న్యాయమే. రోజుకో తీరుగా మారే నియమాన్ని ఎవరు మాత్రం లెక్కచేస్తారు?

మా బృందంలో కొందరు పాలసీని వెంటనే మళ్లీ తెప్పించే జీపీఅప్‌డేట్ ఆదేశాన్ని ఫోర్స్‌తో నడిపి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయించి, సరైపోయిందని ఫిర్యాదు టికెట్లు మూసేస్తున్నారు. రీస్టార్ట్ తర్వాత కొన్ని నిజంగానే సరవుతున్నాయి, మర్నాటికి మళ్లీ పాతదారి పడుతున్నాయి. కారణం తెలియకుండా కుదిరిన మరమ్మతును నేను మరమ్మతుగా ఒప్పుకోలేను. అందుకని తప్పుగా ఉన్న కంప్యూటర్లలోనూ, సరిగ్గా ఉన్నవాటిలోనూ ఏయే పాలసీలు అమలయ్యాయో చూపే జీపీరిజల్ట్ నివేదిక తీసి, పాలసీ ఏ డొమైన్ కంట్రోలర్ (లాగిన్‌లను, పాలసీలను చూసుకునే సర్వర్) నుంచి అందిందో చెప్పే పంక్తిని పోల్చి చూశాను. సరిగ్గా ఉన్నవన్నీ బెంగళూరు సర్వర్ నుంచి తీసుకున్నాయి, తప్పుగా ఉన్నవన్నీ చెన్నై సర్వర్ నుంచి తీసుకున్నాయి.

ప్రతి పాలసీకీ రెండు భాగాలుంటాయి: ఒకటి యాక్టివ్ డైరెక్టరీలో (సంస్థలోని ఖాతాలు, కంప్యూటర్ల జాబితా) ఉండే నమోదు, రెండోది ప్రతి డొమైన్ కంట్రోలర్‌లోనూ ఉండే సిస్‌వాల్ ఫోల్డర్‌లో ఉండే అసలు సెట్టింగుల ఫైళ్లు. ఈ రెండూ ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు వేర్వేరు మార్గాల్లో చేరతాయి కనుక ఒకటి అంది, మరొకటి ఆగిపోవడం సాధ్యమే. చెన్నైలో సరిగ్గా అదే జరిగింది. డైరెక్టరీలో వెర్షన్ సంఖ్య కొత్తది, సిస్‌వాల్‌లో పాతది. అక్కడి ఈవెంట్ లాగ్ తెరిస్తే 2213 సంఖ్యతో హెచ్చరిక కనిపించింది. గత నెలాఖరులో కరెంటు పోయి, యూపీఎస్ కూడా నిలబడక సర్వర్ అర్ధాంతరంగా ఆగిపోయింది. ఆ పాత సర్వర్‌లో అటువంటప్పుడు ఫైళ్ల రెప్లికేషన్, అంటే సర్వర్ల మధ్య నకళ్లు చేరడం, ఎవరైనా చెప్పేవరకూ తిరిగి మొదలుకాదు. ముందుగా బ్యాకప్ తీసుకోవాలని, తర్వాత ఏ ఆదేశం ఇవ్వాలో కూడా ఆ హెచ్చరికలోనే స్పష్టంగా రాసి ఉంది. రెప్లికేషన్ ఆగి 60 రోజులు దాటి ఉంటే ఇంత సులువుగా తేలేది కాదు.

అయితే బెంగళూరు కంప్యూటర్లు చెన్నైని ఎందుకు అడగాలి? మధ్యాహ్నమంతా నన్ను పట్టి ఉంచిన ప్రశ్న ఇదే. ఏ నెట్‌వర్క్ చిరునామాలు ఏ సైట్‌కు, అంటే ఏ ఊరి కార్యాలయానికి, చెందుతాయో సైట్స్ అండ్ సర్వీసెస్ అనే చోట రాసిపెట్టాలి. నాలుగో అంతస్తుకు ఇచ్చిన సబ్‌నెట్‌ను (చిరునామాల సమూహాన్ని) అక్కడ ఏ సైట్‌కూ జతచేయలేదు. తమ సైట్ ఏదో తెలియని కంప్యూటర్లు డొమైన్‌లో ఏ కంట్రోలర్ పలికితే దాన్నే పట్టుకుంటాయి. అందుకే రీస్టార్ట్ చేసినప్పుడల్లా ఫలితం మారుతూ వచ్చింది. బెంగళూరు సర్వర్‌లో, తనను సంప్రదించిన కంప్యూటర్ల వివరాలు రాసే నెట్‌లాగన్ లాగ్‌లో ఆ అంతస్తు చిరునామాలన్నీ సైట్ లేనివిగా నమోదై ఉన్నాయి. ఈ రెండు లోపాల్లో ఏ ఒక్కటి లేకపోయినా ఆ అంతస్తులో ఎవరికీ తేడా కనిపించేది కాదు.

చెన్నైలో బ్యాకప్ తీయించి రెప్లికేషన్ తిరిగి ప్రారంభించాము, సబ్‌నెట్‌ను బెంగళూరు సైట్‌కు చేర్చాము. పాలసీ మామూలుగా 90 నిమిషాలకొకసారి, దానిపై గరిష్ఠంగా మరో 30 నిమిషాల తేడాతో తాజా అవుతుంది కాబట్టి ఎవరి పనీ ఆపించకుండా సాయంత్రం వరకూ వేచి ఉండి, మళ్లీ నివేదికలు తీశాను. అన్నింటిలోనూ బెంగళూరు పేరే ఉంది. నెట్‌వర్క్ బృందం కొత్త సబ్‌నెట్ ఇచ్చిన ప్రతిసారీ మాకు తెలియజేసేలా వారి ఫారంలో ఒక గడి చేర్చమని మా మేనేజర్ గారికి రాశాను. లాగ్‌లో సైట్ లేని చిరునామాలు ఇంకొన్ని మిగిలాయి, అవి రెండో అంతస్తులోని మీటింగ్ గదులవి. రేపు ఉదయం వాటిని చూడాలి.