గుమ్మం దగ్గర నిలబడిన మనిషి

"ఆతిథ్యము చేయ మరవకుడి, దానివలన కొందరు ఎరుగకయే దేవదూతలకు ఆతిథ్యము చేసిరి." (హెబ్రీయులకు 13:2)

ఒక ఆదివారం ఆరాధన ముగిసి అందరం బయటికి వస్తున్నాం. గుమ్మం పక్కన గోడకు ఆనుకుని ఒకాయన నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయేమో. ఇస్త్రీ చొక్కా, రెండు చేతులతో గుండెకు హత్తుకున్న కొత్త బైబిలు. బయటికి వచ్చే ప్రతి ఒక్కరి ముఖంలోకీ చూస్తున్నాడు, ఎవరైనా పలకరిస్తే వెంటనే నవ్వడానికి సిద్ధంగా. నేను చూశాను. అయితే నా చుట్టూ నలుగురు స్నేహితులున్నారు, పాటల ప్రాక్టీసు ఎన్నింటికి పెట్టుకోవాలన్న చర్చ నడుస్తోంది. 'ఒక్క నిమిషం, ఇది తేలాక వెళ్లి మాట్లాడదాం' అనుకున్నాను. తేలాక తిరిగి చూస్తే అక్కడ ఎవరూ లేరు. తర్వాతి వారం వెతికాను. రాలేదు.

ఆయన మావల్లే రాలేదని చెప్పలేను. వేరే ఊరి మనిషి కావచ్చు, ఆ ఒక్కరోజుకే వచ్చి ఉండవచ్చు. నేనేమీ ఆయన్ని అవమానించలేదు, పొమ్మనలేదు. అందుకే ఈ వచనం నన్ను గుచ్చుతుంది. ఇక్కడ రాసినాయన 'ద్వేషించకుడి' అనలేదు, 'మరవకుడి' అన్నాడు. కొత్తవాళ్ల విషయంలో మనలో చాలామంది చేసే పాపం ద్వేషం కాదు, మరపు. వేరే పనిలో ఉండిపోవడం.

మూలంలో ఈ 'ఆతిథ్యము' అన్నచోట ఉన్న గ్రీకు మాట 'ఫిలోక్సెనియా'. 'ఫిలోస్' అంటే ప్రియమైనవాడు, స్నేహితుడు. 'క్సెనోస్' అంటే పరాయివాడు. అంటే పరాయివాడి మీద ప్రేమ. దీనికి ముందు వచనంలోనే 'ఫిలడెల్ఫియా' ఉంది: "సహోదరప్రేమ నిలువరముగా ఉండనీయుడి." రెండు ప్రేమలనూ పక్కపక్కనే పెట్టాడు. మొదటిది మనకు బాగానే వచ్చు. 'వందనాలు బ్రదర్, వందనాలు సిస్టర్' అంటూ ఒకర్నొకరం చుట్టుముడతాం. రెండోది వచ్చేసరికి గుమ్మం దగ్గర ఒక మనిషి ఒంటరిగా నిలబడి ఉంటాడు. ప్రభువు కొండమీద ప్రసంగంలో అడిగిన ప్రశ్న సరిగ్గా ఇదే: "మీ సహోదరులకు మాత్రము వందనము చేసినయెడల మీరు ఎక్కువ చేయుచున్నదేమి?" (మత్తయి 5:47). ఈ మాట చదివినప్పుడల్లా ఆ కొత్త బైబిలు గుర్తుకొస్తుంది.

మన భాషలోనూ అతిథి అంటే తిథి చెప్పకుండా వచ్చేవాడని పెద్దలు అర్థం చెబుతారు. మనమేమో ఆతిథ్యాన్ని ముందే ఫోన్ చేసి, తెలిసినవాళ్లను పిలిచి, ఇల్లు సర్దుకుని చేసే కార్యక్రమంగా మార్చేశాం.

హెబ్రీ పత్రిక రాసినాయన మనసులో ఆదికాండము 18వ అధ్యాయం ఉండి ఉంటుందని చాలామంది అంటారు. అక్కడ అబ్రాహాము వయసు 99 ఏళ్లు. ఎండవేళ గుడారం ద్వారం దగ్గర కూర్చుని ఉన్నాడు. వచ్చింది యెహోవా అని చదివే మనకు మొదటి వచనంలోనే తెలుస్తుంది. అబ్రాహాము కన్నులెత్తి చూస్తే కనబడింది ముగ్గురు మనుష్యులు, అంతే. ఆ ముసలాయన వాళ్లను ఎదుర్కోవడానికి పరుగెత్తాడు. 'కొంచెం నీళ్లు తెప్పిస్తాను, కాళ్లు కడుక్కోండి, కొంచెం ఆహారం తీసుకొని వెళ్లండి' అన్నాడు. నోటితో అన్నది కొంచెం. శారాకు చెప్పింది మూడు మానికల మెత్తని పిండి. ఆ కొలత ఇప్పటి లెక్కలో సుమారు 20 లీటర్లు, ముగ్గురు మనుషులకి! దానికి తోడు లేత దూడ, వెన్న, పాలు. వాళ్లు తింటుంటే ఆయన చెట్టుకింద వాళ్ల దగ్గరే నిలబడ్డాడు. ఇంట్లో సేవకులు ఎంతమంది ఉన్నా, కూర్చోలేదు.

మనకు 20 లీటర్ల పిండి అక్కర్లేదు. ఆ పరుగు కావాలి.

'ఎరుగకయే' అన్న మాట దగ్గర నేను చాలా రోజులు ఆగాను. మత్తయి 25లో తీర్పు దినాన రాజు కుడివైపు వాళ్లతో "పరదేశినై యుంటిని, నన్ను చేర్చుకొంటిరి" అంటాడు. వాళ్లు ఆశ్చర్యపోతారు: 'ప్రభువా, ఎప్పుడు?' ఎడమవైపు వాళ్లూ అదే ప్రశ్న వేస్తారు. ఇద్దరికీ గుర్తులేదు. చేసినవాళ్లు చేశామని ఎరుగరు, చేయనివాళ్లు చేయలేదని ఎరుగరు. అంటే అక్కడ లెక్కకు వచ్చినవి మనం ఫోటో తీసి పెట్టుకున్న సేవా కార్యక్రమాలు కాకపోవచ్చు. లిఫ్టు తలుపు పట్టుకుని ఆగడం, బ్యాంకులో ఫారం నింపలేక దిక్కులు చూస్తున్న పెద్దాయన పక్కన కూర్చోవడం, రోజూ గేటు తీసే మనిషిని పేరుపెట్టి పిలవడం. ఎంత చిన్నవంటే, సాయంత్రానికి మనకే గుర్తుండవు.

నాకు అన్నిటికంటే కష్టమైనది కస్టమర్ కేర్ ఫోను. ఇరవై నిమిషాలు మ్యూజిక్ విన్నాక లైన్‌లోకి వచ్చిన ఆ అమ్మాయి నా సమస్యకు కారణం కాదని బుర్రకు తెలుసు, గొంతుకు తెలియదు. ప్రార్థన ముగించుకుని లేచిన పది నిమిషాలకే అలా అరిచిన రోజులు నాకున్నాయి. ముఖం కనబడని పరాయివాడు కూడా పరాయివాడే కదా.

ఇక మంచి సమరయుడి సంగతి, అంటే దొంగలు కొట్టి దారిలో పడేసిన పరాయివాడిని ఆదుకున్నవాడి గురించి యేసు చెప్పిన కథ. ఈ ఉపమానం మీద ఎన్ని ప్రసంగాలు విన్నా, ఒక విషయం ఆలస్యంగా గమనించాను. గాయపడినవాడితో ఆయన ఒక్క మాట మాట్లాడినట్టు లూకా రాయలేదు. నూనె, ద్రాక్షారసం పోశాడు, కట్టు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు. మాట్లాడింది పూటకూళ్లవాడితో మాత్రమే, అదీ ఖర్చు గురించి. 'నేనెవరో తెలుసా, నా దేవుడెవరో తెలుసా' అని అడగలేదు. సాయాన్ని ఎరలా వాడి, వెంటనే కరపత్రం చేతిలో పెట్టే అలవాటు మనలో కొందరికి ఉంది. సువార్త చెప్పొద్దని నేననడం లేదు. కాకపోతే మంచినీళ్లు ఇచ్చిన చెయ్యి ప్రతిఫలం కోసం అక్కడే చాచి ఉంటే, తాగేవాడికి అది తెలిసిపోతుంది.

ఇంకొకటి. సమరయుడు ఆ మనిషిని జీవితాంతం పోషించలేదు, ఇంటికీ తీసుకెళ్లలేదు. రెండు దేనారములు, అంటే రెండు రోజుల కూలి ఇచ్చి, మళ్లీ వచ్చేటప్పుడు మిగతాది చూసుకుంటానని చెప్పి తన ప్రయాణంలో తాను వెళ్లాడు. ముక్కూమొహం తెలియనివాళ్లకు ఇల్లు అప్పగించాలా అని టెన్షన్ పడేవాళ్లకు ఈ వచనం ఊరట. ఆరోజు చేతనైనంత చేశాడు. జాగ్రత్త, ప్రేమ రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు.

క్రీస్తుశకం 362లో రోమా చక్రవర్తి జూలియన్ గలతియలోని తన ప్రధాన పూజారికి ఒక ఉత్తరం రాశాడు. పాత దేవతల ఆరాధనను తిరిగి నిలబెట్టాలని పట్టుబట్టిన చక్రవర్తి ఆయన, క్రైస్తవులంటే గిట్టదు. ఆయనే, ఈ గలిలయులు (క్రైస్తవులను ఆయన అలా పిలిచేవాడు) తమ పేదలతోపాటు మన పేదలనూ పోషిస్తున్నారు, ఇది మనకు సిగ్గుచేటని వాపోయాడు. వాళ్ల మతం పెరగడానికి పరాయివాళ్ల మీద వాళ్లు చూపే దయ ఒక కారణమని ఒప్పుకున్నాడు. మనల్ని చూసి గిట్టనివాళ్లు ఈరోజు ఏ విషయంలో సిగ్గుపడుతున్నారు? ఈ ప్రశ్నకు నా దగ్గర మంచి జవాబు లేదు.

ప్రేమ చూపించేది ఎప్పుడూ మనమే అనుకోవడమూ ఒక గర్వమే. అపొస్తలుల కార్యములు 27, 28 అధ్యాయాల్లో ఓడ బద్దలై 276 మంది మెలితే ద్వీపం (ఇప్పటి మాల్టా) ఒడ్డుకు కొట్టుకొచ్చారు. వాన, చలి. సువార్త ఎరుగని ఆ ద్వీపవాసులే "నిప్పురాజబెట్టి మమ్మును అందరిని చేర్చుకొనిరి" అని లూకా రాశాడు. ఆ ఓడలో వచ్చిన అపొస్తలుడు పౌలంతటివాడు ఆ పూట పరదేశి, సాయం పొందేవాడు. తర్వాతి వచనంలోనే ఆయన మోపెడు పుల్లలు ఏరుకొచ్చి ఆ మంటలో వేస్తాడు. ఆ పుల్లలంటే నాకు భలే ఇష్టం. నాన్నను అర్ధరాత్రి ఆసుపత్రిలో చేర్చినప్పుడు, ఏ కౌంటరుకు వెళ్లాలో తెలియక కాగితాలు పట్టుకుని తిరుగుతున్న నా చేతిలోంచి ఫైలు తీసుకుని ఒకావిడ వరసలో నిలబడింది. 'మీరు ఆయన దగ్గర కూర్చోండి' అంది. ఆమె నమ్మకం ఏమిటో నాకు తెలియదు. పేరైనా అడగలేదు.

ఈమధ్య ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గరే నిలబడుతున్నాను. మొన్న ఒక కుర్రాడు కొత్తగా వచ్చాడు. చెయ్యి కలిపి, పేరేంటి, ఎవరితో వచ్చావు, కాసేపు కూర్చో అని వరసగా అడగబోతున్నాను. 'అన్నా, బాత్రూమ్ ఎటువైపు?' అన్నాడు ఇబ్బందిగా. తోడుగా నడిచి, చూపించి వచ్చాను.