దుడుకుగల నన్ను

త్యాగరాజస్వామి ఆరాధన జరిగే పుష్య బహుళ పంచమి దగ్గరపడుతోందంటే సంగీతాభిమానుల ఇళ్ళలో ఆయన పంచరత్న కీర్తనల సాధన మొదలవుతుంది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాలలోని ఆ అయిదు కీర్తనలనూ స్వరాలతో సహా కంఠస్థం చేసి, ఆదితాళం తప్పకుండా, పదిమందితో గొంతు కలిపి పాడగలగడం సామాన్యమైన శ్రమ కాదు; దానిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నా బాధంతా రెండవ రత్నమైన, గౌళరాగంలోని 'దుడుకుగల' కీర్తనను గురించి. 'జగదానందకారక' ముగిసి గౌళ మొదలయ్యేలోగా ఒకరు ఫోను చూసుకుంటారు, ఒకరు పక్కవారి పట్టుచీర అంచును మెచ్చుకుంటారు, మరొకరు భోజనాల వేళను గుర్తు చేస్తారు. ఆ వెంటనే, నావంటి అపరాధి మరొకడు లేడని మొరపెట్టుకునే కీర్తనను అందరమూ చిరునవ్వుతో ఎత్తుకుంటాము. ఇతరులను వేలెత్తి చూపడానికి ఈ మాట అనడం లేదు. ముప్ఫై ఏళ్ళుగా నేనూ ఆ వరుసలోనే కూర్చుంటున్నాను.

'దుడుకుగల నన్నే దొర కొడుకు బ్రోచురా ఎంతో' అన్న పల్లవిలో 'నన్నే' అన్నది 'నన్ను మాత్రమే' అని చెప్పే మాట కాదు. నన్ను, ఏ దొర కొడుకు బ్రోచును అని విడదీసుకోవాలి. దశరథుని కొడుకు కాక మరే దొర కొడుకు నన్ను కాపాడగలడు అన్న ప్రశ్న అది. చివరనున్న 'ఎంతో' అక్కడ ఆగిపోయే మాట కాదు. తిరిగి పల్లవి ఎత్తుకోగానే 'ఎంతో దుడుకుగల నన్ను' అయి కూర్చుంటుంది. అనుపల్లవి 'గడియ గడియకు నిండారు' అని ముగుస్తుంది. ఆ నిండినది ఏమిటంటే మళ్ళీ దుడుకే. మొదటి చరణం శ్రీరాముని పిలిచే పిలుపు. ఆ తరువాతి చరణాలను వరుసగా చూడండి. సకల భూతములయందు నీవై యుండగ మది లేకపోయిన, చిరుత ప్రాయమునాడే భజనామృత రసవిహీన కుతర్కుడైన, పరధనముల కొరకు నొరుల మది కరగబలికి కడుపు నింప తిరిగినట్టి... వీటిలో ఒక్కటీ వాక్యంగా పూర్తి కాదు. పోయిన ఎవరు? కుతర్కుడైన ఎవరు? తిరిగినట్టి ఎవరు? ప్రతి చరణమూ ఒక విశేషణమై, తన విశేష్యం కోసం పల్లవి దాకా నడిచివచ్చి 'నన్ను' దగ్గర చేతులు కట్టుకుని నిలబడుతుంది. ఇంత పెద్ద కీర్తన నిజానికి ఒకే ఒక్క వాక్యం. దాని బరువంతా ఆ రెండక్షరాల మీద ఉంది.

నాకు ఈ సంగతి గురువుల వల్ల తెలియలేదు. చిన్నప్పుడు నేను ఇంట్లో ఈ కీర్తన సాధన చేస్తుంటే, పక్కనే చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతున్న మా నాయనమ్మ, "ఆయన ఎవర్నిరా అన్నేసి మాటలు అంటున్నాడు?" అని అడిగింది. "తనని తానే అనుకుంటున్నాడు నాయనమ్మా" అన్నాను, విద్వాంసుడిలాగా. "మరి పాడుతున్నది నువ్వు కదరా!" అని మళ్ళీ చేటలోకి చూసుకుంది. ఆమెకు రాగం పేరు తెలియదు. ఆ మాట నాకు అర్థం కావడానికి మాత్రం ఇరవై ఏళ్ళు పట్టింది.

త్యాగయ్యగారికి ఈ పాపాలు ఎక్కడివి, లోకం తరఫున తానే నెత్తిన వేసుకున్నారు అని ఉపన్యాసాలలో చెబుతూ ఉంటారు. భక్తితో చెప్పే మాటే కాబట్టి కాదనను. అయితే ఆ వివరణ మనకు మరీ సుఖంగా ఉంటుంది. ఆయన లోకం కోసం పాడారు, లోకమంటే ఇతరులు, కాబట్టి మనం నిశ్చింతగా తాళం వేసుకోవచ్చు అన్నంత దూరం వెళుతుంది. 1767లో తిరువారూరులో పుట్టి, తిరువయ్యారులో ఇంటింటా పాడుతూ బియ్యం స్వీకరించే ఉంఛవృత్తితో జీవించి, తంజావూరు కొలువు నుంచి వచ్చిన పిలుపును 'నిధి చాల సుఖమా' అంటూ తిరస్కరించారని మనం తరతరాలుగా చెప్పుకుంటున్న మహనీయుడు, ఒరుల మనసు కరిగేలా మాట్లాడి కడుపు నింపుకున్నవాడిగా తనను చెప్పుకున్నారంటే, బియ్యం చెంబులో పడే ప్రతి పిడికెడు వెనకా ఆయన తన గొంతును ఎంతగా శోధించుకుని ఉండాలి! నేను ఆయనను నిర్దోషిగా నిలబెట్టి దండం పెట్టడం కంటే, ఆయన పెట్టుకున్న అద్దంలో నా ముఖం చూసుకోవడమే ఆయనకు ఇష్టమనిపిస్తుంది.

ఆ అద్దం ఎక్కువగా గుచ్చేది ఆరవ చరణంలో. 'స్వరలయంబు లెరుంగకను శిలాత్ముడై సుభక్తులకు సమానమను' అంటారాయన. స్వరమూ లయా తెలియకుండానే, రాయివంటి మనసుతో, తాను మంచి భక్తులతో సమానమని చెప్పుకునేవాడట! ఈ చరణాన్ని శ్రుతి తప్పి, లయ పరుగెత్తించి, వేదిక మీద ముందు వరుసలో చోటు కోసం చిన్నబుచ్చుకుని మరీ పాడినవారిలో నేనూ ఒకణ్ణి. గౌళలోని రిషభం ఎంత కింద నిలిచి ఎలా వణుకుతుందో పాడినవారికి తెలుసు. తప్పు ఒప్పుకునే గొంతు అలాగే కదా ఉంటుంది! మనం దానిని జయభేరిలా మోగిస్తున్నాము.

కృతి ఎలా ఉండాలో ఆయనే 'సొగసుగా మృదంగ తాళము' అన్న శ్రీరంజని కీర్తనలో చెప్పారు. నిగమ శిరోర్థము, అంటే ఉపనిషత్తుల అర్థం, గల్గిన నిజవాక్కులు కావాలన్నారు, స్వరశుద్ధం కావాలన్నారు, యతి విశ్రమాలు కావాలన్నారు. విశ్రమమంటే మాట విరగకుండా ఆగవలసిన చోటు. ఆయన తెలుగును తమిళదేశంలో వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లైస్థానం శిష్యపరంపరలు ప్రాణంగా కాపాడాయి. తన జీవితకాలపు సంపాదనను ధారపోసి ఆయన సమాధిపై గుడి కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మగారు 1952లో కన్నుమూసి, ఈనాటికీ అక్కడ విగ్రహరూపంలో ఆయనకు ఎదురుగా చేతులు జోడించి కూర్చున్నారు. అర్థం కోసం నిఘంటువు వెతుక్కునేవారు అంత శ్రద్ధగా పాడుతుంటే, అమ్మ ఒడిలో ఆ మాటలు నేర్చుకున్న మనం 'సతులకై కొన్నాళ్ళు ఆస్తికై సుతులకై కొన్నాళ్ళు' అన్న చోట కూడా తడుముకోకుండా సాగిపోతున్నాము.

అందుకని ఆరాధనలు జరిపే పెద్దలకు నా మనవి. పంచరత్నాలకు ముందు సన్మానాలు తగ్గించండి. ఆ సమయంలో ఎవరైనా ఒకరు ఈ కీర్తన సాహిత్యాన్ని మెల్లగా చదివి వినిపించనివ్వండి. పిల్లలకు స్వరం నేర్పిన రోజునే మాట ఎక్కడ ముగుస్తుందో చెప్పండి. మరొక్క సంగతి. కిందటి ఏడు మేము పాడుతున్నప్పుడు, చివరి చరణం 'త్యాగరాజాప్త ఇటువంటి' దగ్గరికి రాగానే, కీర్తన అయిపోయిందనుకుని సభ అంతా చప్పట్లు కొట్టింది. 'దుడుకుగల నన్ను' అన్నది ఆ చప్పట్లలో ఎవరికీ వినబడలేదు. ఈసారి ఆ పల్లవి వచ్చేదాకా దయచేసి చేతులు కట్టుకుని ఉండండి.