రోహిణి కార్తెలో నల్లమలకు పోయొచ్చాం

రోహిణి కార్తె ఎండంటే ఏంటో మా మార్కాపురంలో పలకల షెడ్ల పక్కన కాపురముంటే తెలుస్తుంది. అర్ధరాత్రి కూడా మిద్దె మీద చాప పరిస్తే కిందినుంచి సెగ తగుల్తానే ఉంటుంది. మా అత్తకసలే ఆయాసం. అందుకని నల్లమలలో గుడారంలో పడుకుందామనుకున్నాం.

అది పెద్దపులుల రక్షిత అడవి, అనుమతి లేకుండా దిగకూడదు. ఆ నియమం నాకూ ఇష్టమే. అందుకే ముందు అటవీశాఖ ఆఫీసుకు పోయాను. తెల్లకాగితం మీద అర్జీ రాసుకు రమ్మన్నారు. తీసుకుపోతే ఆధార్ జిరాక్సు ఏదన్నారు. అదీ తెచ్చాక బండి నంబరు రాయలేదన్నారు. అన్నీ ఒకేసారి చెబితే వాళ్ల సొమ్మేం పోయింది? చివరికి కుర్చీలో ఉన్నాయన కాగితం కూడా చూడకుండా, "ఎండైతే కూలర్ కొనుక్కోవాలమ్మా, అడివేమన్నా మీ పుట్టిల్లా?" అన్నాడు. పక్కన మా అత్త నిలబడి ఉంది. గదిలో నలుగురూ నవ్వారు. ఆయాసంతో గోడ పట్టుకున్న ముసలామెకు కుర్చీ వెయ్యాలని ఒక్కరికీ తోచలేదు. ఇది రాస్తుంటే కూడా నా చెవులు మండుతున్నాయి.

బయట టీ బంకు దగ్గర ఒక వాచర్ తమ్ముడు మా మొహాలు చూసి, "అక్కా, అర్జీలెందుకు, పచ్చర్ల క్యాంపులో ముందుగా బుక్ చేసుకుంటే చాలు" అన్నాడు. గిద్దలూరు నుంచి నంద్యాల పోయే ఘాట్ రోడ్డులో ఉంది, అటవీశాఖదే. ఫోనులోనే పనైపోయింది. ఆ ఒక్క ముక్క కుర్చీలో ఆయన నోటినుంచి రాలేదు!

పోయేవాళ్లకు ఒక మాట. ఊటీ అనుకుని పోవద్దు. వేసవిలో నల్లమల ఆకు రాల్చేస్తుంది, పగలు అక్కడా ఎండే. సుఖమంతా పొద్దు గూకాక. చెట్ల మధ్య సిమెంటు సెగ ఉండదు, కొండగాలి తగుల్తుంది. తెల్లారుజామున మా అత్త తనంతట తనే దుప్పటి లాక్కుంది. ఊళ్లో కూర్చుని నిద్రపోయే మనిషి అక్కడ వెల్లకిలా పడుకుని నిద్రపోయింది.

స్టవ్వు, అగ్గిపెట్టె జోలికి పోవద్దు. ఎండుటాకు మీద నిప్పురవ్వ పడితే కొండంతా అంటుకుంటుంది. సిగరెట్టు వెలిగించబోయిన పక్క గుడారం అబ్బాయి చేతిలోంచి నేనే లాగేశాను. పులిహోర, పెరుగన్నం కట్టుకుని, నీళ్ల క్యాన్లు గిద్దలూరులోనే నింపుకుని పొండి.