కంగాలి బిహు దీపం

పండగ అనగానే మనకు ముందు వంటిల్లు గుర్తొస్తుంది. అస్సాంలో వంటింటితో పెద్దగా పనిలేని పండగ ఒకటుంది. పేరు కాతి బిహు. తులా సంక్రమణం వేళ, అక్టోబరు 17, 18 తేదీల ప్రాంతంలో వస్తుంది. దానికే కంగాలి బిహు అని ఇంకో పేరు. కంగాలి అంటే ఏమీ లేనివాడు. మన వాడుకలోని కంగాళీ సంగతి వేరు. ఏప్రిల్ నడుమ వచ్చే రొంగాలి బిహు ఆటపాటలది. మన సంక్రాంతి రోజుల్లోనే వచ్చే భోగాలి బిహు విందులది. ఈ మూడోదానికి మిగిలింది ఖాళీ గాదె.

గాదె ఎందుకు ఖాళీ అంటే, అక్కడి ప్రధాన పంట శాలి వరి. నాట్లు వానాకాలంలో పడతాయి, కోతలు నవంబరు, డిసెంబరు దాకా రావు. ఈలోగా బ్రహ్మపుత్ర పొంగి పొలాల మీదికి వస్తుంది. అది ముంచగా మిగిలిన పైరే రైతుది. అక్టోబరుకు పాత ధాన్యం అడుగంటుతుంది, కొత్తది ఇంకా పచ్చగా నిలబడి ఉంటుంది. మనం ఆ రోజుల్లో అయితే పండగ మాట ఎత్తం. వాళ్లు మాత్రం దీపం పెడతారు.

ఆ సాయంత్రం వాకిలి అలికి, మట్టి తిన్నె మీద తులసి మొక్క నాటుతారు. ఆవనూనె పోసిన మట్టి ప్రమిదను అక్కడ వెలిగిస్తారు. దాన్ని ‘సాకి’ అంటారు. నానబెట్టిన పెసలు, శనగలు, కొబ్బరి ముక్కలే ప్రసాదం. ఆడవాళ్లు తులసి పాట పాడతారు. తులసి నీడన జింక మేస్తోందట, దాన్ని చూసి రామచంద్రుడు విల్లందుకున్నాడట. ఎంత చిన్న తులసి, దాని కింద ఎంత పెద్ద అరణ్యం! పశువులకు మాత్రం ఆ పూట ప్రత్యేకంగా బియ్యప్పిండితో ‘పిఠా’ అనే పిండివంట చేసి పెడతారు. లేని రోజుల్లో కూడా వాటి వాటా తప్పదు.

తర్వాత మరో దీపం గాదె దగ్గర. ఇంకొకటి పొలంలో, పైరు మధ్య. నన్ను ఆపేసింది ఈ రెండు దీపాలే.

నిండిన గాదెకు దీపం పెట్టడం కృతజ్ఞత, అది ఎవరికైనా అర్థమవుతుంది. వట్టి గాదె ముందు వెలిగించడంలో ఏముంది? దాన్ని కోరిక అనుకోలేను. కోరేవాడు అడగడానికి గుడికి వెళతాడు, అడుగంటిన గాదెను ఎవరికీ చూపించడు. ఇక్కడ ఆ లేమినే శుభ్రం చేసి, దీపం పెట్టి, దేవుడికి చూపిస్తున్నారు. ఇచ్చినప్పుడు మొక్కడం మనకు బాగా అలవాటు. ఇవ్వని నెలలో మొక్కగలమా? నేనైతే తప్పించుకు తిరుగుతాను.

ఇక పొలంలో దీపం పైరును కాపాడమని పెట్టేది. రైతు వెదురు ముక్కను గిరగిర తిప్పుతూ పురుగు పట్టకుండా మంత్రం చదువుతాడు. పొడవైన వెదురు గడ చివర ఇంకో దీపాన్ని ఎత్తి కడతారు, అది ‘ఆకాశ్ బంతి’. బంతి అంటే అక్కడ దీపం. పితృదేవతలకు దారి చూపుతుందని నమ్మకం. ఆ వెలుగుకు పొలంలోని పురుగులు మూగి మాడిపోతాయని కూడా చెబుతారు.

ఈ ఆకాశ్ బంతి గురించి చదవగానే మా ఊరి శివాలయం కళ్ల ముందు నిలిచింది. కార్తికంలో చిల్లుల ఇత్తడి పాత్రలో దీపం ఉంచి, తాడుతో ధ్వజస్తంభం పైకి లాగేవారు. తాడు కిర్రుమంటుంటే పిల్లలం మెడలు వెనక్కి వాల్చి చూసేవాళ్లం. మన ఆకాశదీపమూ పితృదేవతల కోసమే అంటారు. అది గుడిలో వెలుగుతుంది, అస్సాంలో దీపం పొలం దాకా నడిచి వెళుతుంది. అంతే తేడా అనుకున్నాను, కార్తికంలో మనం దీపం ముందు చదివే శ్లోకం గుర్తుకు వచ్చే దాకా.

కీటాః పతంగా మశకాశ్చ వృక్షా
జలే స్థలే యే నివసంతి జీవాః

పురుగులు, మిడతలు, దోమలు, చెట్లు, నీళ్లలో నేల మీద బతికే ప్రాణులు, ఈ దీపాన్ని చూసి జన్మ లేని స్థితి పొందాలని దాని భావం. మొట్టమొదటి మాటే కీటం! మనిషి పేరు చివరి పాదం దాకా రాదు. అస్సాం రైతు ఏ పురుగును పైరు నుంచి తోలుతున్నాడో, మన శ్లోకం ఆ పురుగుకే మోక్షం అడుగుతోంది. దీపంలో పడి మాడిన పురుగు చచ్చినట్టా, తరించినట్టా? పైరు కాపాడుకునే హక్కు రైతుకు ఉంది, అందులో సందేహం లేదు. అయినా శ్లోకం చదివే నోరు దోమల బత్తి వెలిగించే చేతిని చూసి కొంచెం తడబడాలి కదా.

ఇదే చిక్కును శంకరదేవుడు ఇంకోలా పట్టుకున్నాడు. 1449లో అస్సాంలోని బర్దోవాలో పుట్టి, 1568 వరకు జీవించాడని సంప్రదాయం చెప్పే వైష్ణవ గురువు ఆయన. భాగవతాన్ని అస్సామీలోకి తెచ్చాడు. మన పోతన భాగవతంలాగే అదీ కొంత ఇతరుల చేతుల్లో పూర్తయింది. ఆయన చూపిన దారిలో వెలసిన ప్రార్థన మందిరాలు నామ్‌ఘర్లు, వాటిలో పీఠం మీద విగ్రహానికి బదులు గ్రంథం ఉంటుంది. కుక్కలో, నక్కలో, గాడిదలో ఉన్న ఆత్మ రాముడేనని తెలుసుకుని అందరికీ సాగిలపడమన్నాడు. భాగవతం ఏకాదశ స్కంధంలో కృష్ణుడు ఉద్ధవుడికి చెప్పిన మాటకు అది అస్సామీ రూపం. ఆ వరసలో పురుగు లేదు. ఉండి ఉంటే రైతు ఏమనేవాడో!

కాతి నెల సూర్యుడి లెక్క, మన కార్తికం చంద్రుడి లెక్క. వాళ్ల నెల ముందు మొదలై ముందే ముగుస్తుంది, నెల పొడవునా తులసి దగ్గర సాకి వెలుగుతుంది. మనది దీపావళి మర్నాడు మొదలవుతుంది. నడుమ కొన్ని రాత్రులు మాత్రం అక్కడ వెదురు గడ మీదా ఇక్కడ ధ్వజస్తంభం మీదా రెండు దీపాలూ ఒకేసారి వెలుగుతుంటాయి, వాటి చుట్టూ పురుగులు తిరుగుతుంటాయి.