మిద్దె మీద విన్యాస యోగా: దమ్ము పెరుగుతున్న లెక్క

రోజూ ఎన్ని సూర్య నమస్కారాలు చేశానన్నది రాయడం మానేశాను. ఊపిరి ఎక్కడ తప్పింది, నాడి ఎంత త్వరగా దిగింది అన్నవే ఇప్పుడు నోటుబుక్కులోకి ఎక్కుతున్నాయి. దమ్ము పెరిగిందో లేదో చెప్పేవి అవే.

నేను చేసేది అష్టాంగ విన్యాసం, మైసూరులో పట్టాభి జోయిస్ నేర్పిన పద్ధతి. ఒక కదలికకు గాలి పీల్చాలి, తర్వాతి కదలికకు వదలాలి, కదలికలు ఒకదాని వెంట ఒకటి సాగుతాయి. ‘ఎ’ రకం సూర్య నమస్కారంలో 9 కదలికలు, ‘బి’ రకంలో 17. బి లో ఉత్కటాసనం (కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్లు వంచి నిలబడడం), వీరభద్రాసనం (ఒక కాలు ముందుకేసి ఆ మోకాలు వంచి నిలబడడం) కూడా ఉండడంతో తొడలు మండిపోతాయి. పెద్ద కండరాలు అలా వరసగా పనిచేస్తుంటే గుండె వేగం పెరగక తప్పదు. స్టామినా కావాలంటే బి ని వదలొద్దని అందుకే అంటాను. మొదట్లో ఎ ఐదు, బి మూడు. ఇప్పుడు రెండూ ఐదేసి.

నియమం ఒక్కటే, నోరు తెరవకూడదు. ముక్కుతో శ్వాస ఆడనంత ఆయాసం వస్తే అధోముఖ శ్వానాసనంలోనే, అంటే చేతులు, పాదాలు నేలకు ఆనించి నడుము పైకెత్తిన భంగిమలోనే, ఐదు శ్వాసలు ఉండిపోతాను. అప్పటికీ కుదుటపడకపోతే బాలాసనం, మోకాళ్ల మీద కూర్చుని నుదురు నేలకు ఆనించడం.

ఒంటిని కర్రలా బిగబట్టి, మోచేతులు వంచి నేల దగ్గరికి దించే చతురంగ దండాసనం దగ్గర చాలామంది తొందరపడతారు. మోచేతులు పక్కటెముకలను రాసుకుంటూ వెనక్కి పోవాలి, భుజాలు మోచేతుల మట్టం కంటే దిగకూడదు. బలం చాలేదాకా మోకాళ్లు నేలకు ఆనించి చేయడమే మంచిది. వేళ్లు బాగా విప్పి, చూపుడువేలి మొదలును నేలకు నొక్కి పెడితే మణికట్టు మీద భారం తగ్గుతుంది.

ఆఖరి రౌండు కాగానే నాడి పట్టుకుని 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తాను. నిమిషం నిలబడి మళ్లీ చూస్తాను. మొదట్లో 152 ఉండేది, నిమిషం తర్వాత కూడా 136. ఇప్పుడు అదే వరసకు 140, నిమిషంలో 112. ఈ దిగుడు చూసినప్పుడు కలిగే సంతోషం కష్టమైన ఆసనం కుదిరినప్పుడు కూడా రాలేదు. బీపీ, గుండె సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగే మొదలుపెట్టాలి.

కర్నూలు ఎండాకాలంలో మిద్దె రాత్రంతా వేడి కక్కుతూనే ఉంటుంది. అందుకే తెల్లారకముందే, ఖాళీ కడుపుతో. చెమటకు చేతులు జారకుండా మ్యాట్ మీద పాత జంఖానా పరుస్తాను. ముందురోజు జొన్నరొట్టె ఎనిమిదింటికల్లా తినేస్తే పొద్దున ఒళ్లు తేలిగ్గా ఉంటుంది. అయ్యాక ఉప్పేసిన మజ్జిగ. “ఏమ్మా, ఇంత చెమట పడితే యోగా అంటారా?” అని పక్కింటి పెద్దమ్మ అడిగింది. వారం తిరక్కుండానే ఎ రకం నేర్పించమని తనే వచ్చింది. కుర్చీ పట్టించి ఆమెతో చేయిస్తున్నాను.

మొన్న కార్తీకంలో ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుడి దగ్గరికి మెట్లెక్కితే, చాలా దూరం ముక్కుతోనే ఊపిరి ఆడింది. దిగేటప్పుడు మాత్రం మోకాళ్లు వణికాయి. ఎక్కడానికి కావలసిన దమ్ము వేరు, దిగేటప్పుడు బరువును ఆపుకునే బలం వేరు. అందుకని ఇప్పుడు మిద్దె మెట్లు ఒక్కో కాలి మీద మూడు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగుతున్నాను. వారానికి మూడు రోజులు, యోగా అయిన వెంటనే, రెండు కాళ్లకూ పదేసి.